గేమ్ బాక్సుల తాళం కేసు

నల్లకోటు విప్పి రెండేళ్లయింది. ముప్పయ్యేళ్లకు పైగా సూళ్లూరుపేటలోనే ప్రాక్టీసు చేశాను. పొలం గట్లు, చెల్లని చెక్కులు, హైవే మీద ప్రమాదాలు, మొగుడూపెళ్లాల తగాదాలు. చిన్న ఊరి ప్లీడరు దగ్గరికి వచ్చేవే నా దగ్గరికీ వచ్చాయి. గెలిచినవి చాలావరకు మరిచిపోయాను. ఓడినవి కొన్ని గుర్తున్నాయి. గెలిచానో ఓడానో ఇప్పటికీ తేల్చుకోలేనివి మరీ బాగా గుర్తున్నాయి.

కొత్తగా ప్రాక్టీసు పెట్టినవాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మేడం, మీ కాలం కేసులు వేరు. మాకు వచ్చేవన్నీ ఫోన్లు, కంప్యూటర్ల గొడవలే" అంటుంటారు. అలా అన్నవాళ్లకు నేను చెప్పే కేసు ఇది. దీని గురించి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి.

సుబ్రమణ్యం

టీవీకి తగిలించుకుని ఆడుకునే గేమ్ బాక్సులు మీకు తెలుసు. కన్సోల్ అంటారు. కంపెనీవాళ్లు దానిలోపల ఒక తాళం వేసి అమ్ముతారు. ఇనప తాళం కాదు, ప్రోగ్రాములో ఉండే తాళం. కంపెనీ ఒప్పుకున్న డిస్కు పెడితే ఆడుతుంది, కాపీ డిస్కు పెడితే ఆడదు. ఆ తాళాన్ని తప్పించడానికి లోపల చిన్న చిప్పు అతికించేవాళ్లు ఊరికొకరైనా ఉంటారు. ఇలాంటివాటి కోసమే కాపీరైటు చట్టంలో 65ఎ అనే సెక్షన్ చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళాన్ని తప్పించినవారికి రెండేళ్ల దాకా జైలు, దానితోపాటు జరిమానా.

ఈ వాక్యంలో "ఉద్దేశంతో" అనే మాట ఉంది చూడండి. మొదటి కేసులో దాన్ని నేను చదివాను, కానీ పట్టించుకోలేదు.

సుబ్రమణ్యం తడలో రిపేరు షాపు నడిపేవాడు. పక్కనున్న పారిశ్రామిక పార్కులో ఒక ఫ్యాక్టరీకి యూపీఎస్‌లు, చిన్నచిన్న బోర్డులు బాగుచేసే కాంట్రాక్టు కూడా ఉండేది. గేమ్ బాక్సుల కంపెనీ మనుషులు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చి, అతని బల్ల మీదున్న గేమ్ బాక్సు ఒకటి పట్టుకుపోయారు. చార్జిషీటు కాపీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అప్పుడు నా దగ్గర పని ఎక్కువ. ఆ రోజు నా బల్ల మీద ఒక భూమి దావా ఉంది, మర్నాడే వాదన.

"నువ్వు తాళం తీసినట్టేనా?" అని అడిగాను.

"తీసినాను మేడం, గానీ అది..."

"తీసినావు గదా. ఇంకేముంది?"

నేరం ఒప్పుకోమని చెప్పాను. జరిమానాతో పోతుంది, లేకపోతే అయిదారేళ్లు వాయిదాలకు తిరగాలి అన్నాను. నా మాట మీద నమ్మకంతో తలూపాడు. మేజిస్ట్రేటు అడిగినప్పుడు ఒప్పుకున్నాడు. జరిమానా వేశారు. కోర్టు మెట్లు దిగుతూ అతనికి మేలు చేశాననే అనుకున్నాను.

కొన్నాళ్లకు తడలో ఏదో పనిబడి వెళితే అతని షాపు మూసి ఉంది. పక్కనున్న జిరాక్సు షాపు ఆమె చెప్పింది. కాంట్రాక్టు మళ్లీ రాసుకునేటప్పుడు ఫ్యాక్టరీవాళ్లు పోలీసు వెరిఫికేషన్ అడిగారట. శిక్ష పడిన సంగతి దాంట్లో వచ్చింది. గేటు పాసు ఇవ్వలేదు. ఆ పని పోయాక ఉత్త షాపుతో నెట్టుకురాలేక ఎత్తేశాడట.

నేను బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. అతనెక్కడున్నాడని ఆమెను అడగలేదు. అడిగితే వెళ్లాలి కదా.

కోదండరామయ్య గారి పద్ధతి

నాకు పని నేర్పింది గూడూరులో కోదండరామయ్య గారు. కోపిష్టి. జూనియర్లను కక్షిదారుల ముందే తిట్టేవాడు. ఆయన దగ్గర చేరిన మొదటి ఏడాది, పులికాట్ ఒడ్డున ఒక భూమి తగాదా వచ్చింది. సర్వే పటంలో ఒక కాలువ ఉంది. ఆ కాలువకు ఇటు మాది, అటు వాళ్లది. నేను పటం చూసి చక్కగా నోట్సు రాసి ఇచ్చాను. ఆయన చదవను కూడా చదవలేదు. నన్ను జీపెక్కించుకుని ఆ భూమి మీదికి తీసుకెళ్లి, పంచె పైకి కట్టి బురదలో దిగాడు. నన్నూ దిగమన్నాడు. మోకాలి లోతు బురదలో గంటసేపు తిరిగాం. కాలువ పటంలో ఉన్నచోట లేదు. ఎప్పుడో తుఫానుకు పూడిపోయి, నీళ్లు వేరే దారి పట్టాయి.

"కాగితంలో కాలువకు తడి ఉండదమ్మా. కాళ్లు తడవకుండా కాలువ గురించి వాదించబాకు" అన్నాడు.

ఆ మాట నేను చాలామందికి చెప్పాను, కోర్టు హాల్లో కూడా వాడుకున్నాను. కానీ అది పొలం కేసులకే అనుకున్నాను. గేమ్ బాక్సు బల్ల మీదికి వచ్చినప్పుడు దాని మూత తీయించి చూడాలని నాకు తోచలేదు. ఆయనుంటే చూసేవాడు. కంప్యూటరు అంటే ఏమిటో తెలియని మనిషి, అయినా చూసేవాడు.

కరుణ

సుబ్రమణ్యం కేసు జరిగిన నాలుగైదేళ్లకు కరుణ కేసు వచ్చింది. కరుణ మా చర్చి అమ్మాయే. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, సూళ్లూరుపేట బస్టాండు దగ్గర రిపేరు షాపు పెట్టుకుంది. అప్పటికి ముప్పయ్యయిదేళ్లుంటాయి. తక్కువ మాట్లాడుతుంది. చర్చిలో మైకు చెడిపోతే ఎవరూ పిలవకుండానే లేచి వెళ్లి బాగుచేసి, మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఆమె షాపులో అయిదు గేమ్ బాక్సులు పట్టుకున్నారు. బెయిలు తీసుకున్నాక నా ఆఫీసుకు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ అయిదూ నేనే తెరిచినాను మేడం. ఒప్పుకుంటాను. మీరు ఎట్టా చెప్తే అట్టా."

ఒప్పుకోమని చెప్పబోయాను. నిజం చెప్తున్నాను, మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆమే అంది.

"గానీ వెంకటరమణన్న బాక్సు మాత్రం ఎట్టన్నా ఇప్పించండి. ఆయనకు అది కావాల."

"వెంకటరమణ ఎవరు?"

"దొరవారిసత్రం పక్కన పల్లె. ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ కింద కుడిచెయ్యి పడింది. నాలుగు వేళ్లు పోయినాయి. ఒక్క చేత్తో రిమోటు పట్టుకోలేడు. అందుకని కాళ్లతో నొక్కే పెడల్ చేసి ఇచ్చినాను. కంపెనీ చెయ్యని రిమోటు పెడితే బాక్సు ఒప్పుకోదు మేడం. తాళం తీస్తేనే ఒప్పుకుంటుంది."

పెన్ను కింద పెట్టాను. "కరుణా, నాకు ఈ తాళం సంగతి మొదటినుంచీ అర్థమయ్యేటట్టు ఎవరు చెప్తారు?"

"నాకు నేర్పింది తడ సుబ్రమణ్యం అన్న. ఇప్పుడు వాకాడు దారిలో రొయ్యల గుంటల మోటార్లు చూసుకుంటా ఉండాడు. ఆయన్ని అడగండి" అంది.

పెన్ను మళ్లీ తీసుకుని వాకాడు దారి అని రాసుకున్నాను, పేరు రాయాల్సిన పనిలేదు. ఆమెకు మా పాత సంగతి తెలియదు.

మర్నాడే వెళ్లాను. గుంట గట్టు మీద తాటాకు పందిరి కింద కూర్చుని నీళ్లు చిలికే ఏరేటరు మోటారు విప్పుతున్నాడు. నన్ను చూసి లేచాడు. దండం పెట్టాడు, నవ్వలేదు. ఎందుకు వచ్చానో చెప్పాను. పనిముట్టు కింద పెట్టకుండానే విన్నాడు.

"ఆ రోజు మీరు నన్ను ఒక్క మాట అడిగినారా మేడం? ఎందుకు తీసినావు అని?"

తల అడ్డంగా ఊపాను.

"డిస్కు తిప్పే డ్రైవు కాలిపోయింది. కొత్తది వేస్తే బాక్సు దాన్ని ఒప్పుకోదు. పాతదానికీ బోర్డుకీ జత కట్టి పంపిస్తారు. ఆ జత తప్పించేదానికి తీసినాను. దాంట్లో ఒక్క కాపీ డిస్కన్నా లేదు. అదే మీకు చెప్పబోతే, తీసినావు గదా ఇంకేముంది అన్నారు."

"తప్పు నాది, సుబ్రమణ్యం."

"అవును మేడం. మీదే."

అంత సూటిగా నన్నెవరూ ఎప్పుడూ అనలేదు. జడ్జీలు తిట్టారు, ఎదుటి ప్లీడర్లు ఎగతాళి చేశారు, అవన్నీ గంటలో పోయేవి. ఈ మాట పోలేదు. పైకోర్టులో రివిజన్ వేద్దాం, నేనే చూసుకుంటాను అన్నాను. నేరం ఒప్పుకున్న కేసును తిరగదోడడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా అన్నాను. వద్దన్నాడు. "మళ్లా ఆ మెట్లు ఎక్కలేను" అన్నాడు.

పనిముట్టు కింద పెట్టాడు. తర్వాత చేతులు గుడ్డకు తుడుచుకుని, ప్లాస్టిక్ కుర్చీ నా వైపు జరిపాడు.

"కూర్చోండి. కరుణ కోసం చెప్తాను."

రెండు గంటలు చెప్పాడు. పాత బోర్డు ఒకటి తెచ్చి మోకాళ్ల మీద పెట్టుకుని, ఏది ఎక్కడుంటుందో వేలితో చూపించాడు. అర్థం కాలేదంటే మళ్లీ మొదలుపెట్టాడు. చివర్లో అన్న మాట నేను కాగితం మీద రాసుకున్నాను: "తలుపు ఒకటే మేడం. దాంట్లో నుంచి దొంగ పోవచ్చు, ఇంటాయనా పోవచ్చు. తలుపును చూసి ఎవరు పోయినారో చెప్పలేరు."

అక్కడినుంచి వెంకటరమణ ఇంటికి వెళ్లాను. వరి పండించుకునే కుటుంబం. అన్న పొలం చూస్తాడు, ఇతను ఫ్యాక్టరీ పనికి వెళ్లేవాడు. ప్రమాదానికి ముందు మండలం టీములో బౌలింగు చేసేవాడట. కరుణ చేసిన పెడల్ పలక చూపించాడు. చెక్క మీద రబ్బరు ముక్కలు అతికించి, కింద స్విచ్చులు పెట్టింది. ఆదివారాలు పాత టీమువాళ్లు ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఇంటర్నెట్టులో కలిసి క్రికెట్ గేము ఆడతారట. రిపేరుకని కరుణ షాపులో ఇచ్చిన బాక్సు పోలీసులు తీసుకుపోయినప్పటినుంచీ ఇతను ఆడటం లేదు.

"ఆట మీద పిచ్చితో గాదమ్మా" అన్నాడు. "పెళ్లికి పోయినా, టీ కొట్టుకు పోయినా ముందు నా చెయ్యి చూస్తారు, తర్వాతే నా మొహం. ఆ ఆటలో ఎవురూ నా చెయ్యి చూడరు. బాగా ఆడకపోతే అందరినీ తిట్టినట్టే నన్నూ తిడతారు."

తన గేము డిస్కులు తెచ్చి చూపించాడు. నాలుగూ కొన్నవే.

నోటు పుస్తకం

65ఎ సెక్షన్ కింద ఇంకో మాట ఉంది. చాలామంది అక్కడిదాకా చదవరు. చట్టం నిషేధించని పనికోసం తాళం తప్పిస్తే నేరం కాదు. కానీ అలాంటి పనిలో ఇంకొకరికి సాయం చేసినవారు ఆ మనిషి పేరు, చిరునామా, ఏ పనికోసమో పూర్తిగా రాసి ఉంచుకోవాలి.

కరుణను పిలిచి అడిగాను. "ఎవరి బాక్సు ఎందుకు తెరిచావో ఎక్కడన్నా రాసుకున్నావా?"

హ్యాండుబ్యాగులోంచి ఒక పొడుగు నోటు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. పోలీసులు బాక్సులూ సోల్డరింగు సామానూ తీసుకున్నారు గానీ ఆమె బ్యాగు ముట్టుకోలేదు.

"చట్టం తెలిసి రాయలేదు మేడం. ఆర్నెల్ల తర్వాత తెచ్చి ఇది పనిచెయ్యలా అంటారు. నేను దేన్ని ముట్టుకున్నానో నాకు తెలియాల గదా."

గుండ్రటి అక్షరాలు. "వెంకటరమణ, దొరవారిసత్రం. కుడిచెయ్యి వేళ్లు లేవు. పెడల్ కోసం." ఇంకో పేజీలో నాయుడుపేట మనిషిది, పాడైన డ్రైవు మార్చడానికి. నాకు ప్రాణం లేచివచ్చింది. తర్వాతి పేజీలు తిప్పాను. మిగతా ముగ్గురి పేర్లు, ఊర్లు, వాటి కింద అవే గుండ్రటి అక్షరాలతో, దాపరికం లేకుండా: "కాపీ డిస్కులు ఆడేదానికి."

పుస్తకం మూసి ఆమెకు పరిస్థితి చెప్పాను. ముద్దాయి తనకు వ్యతిరేకంగా సాక్ష్యం ఇవ్వనక్కర్లేదు. పుస్తకం బయటపెట్టకపోతే అడిగేవాళ్లు లేరు. కానీ అప్పుడు వెంకటరమణ బాక్సు ఎందుకు తెరిచావన్నదానికి కాగితం ఉండదు. బయటపెడితే ఆ రెండిటికీ రుజువు ఉంటుంది, ఈ మూడిటికీ రుజువవుతుంది. జైలు కూడా పడొచ్చు.

కరుణ పుస్తకం చేతిలోకి తీసుకుంది.

"ఈ మూడు పేజీలు చించేస్తే?"

ఇప్పుడు చెప్పబోయేది చాలామంది ప్లీడర్లు రాయరు. నేను చించమని చెప్పలేదు. చించొద్దని కూడా చెప్పలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. సాక్ష్యాన్ని పాడుచేయడం నేరమని నాకు తెలుసు. క్లయింటు తనంతట తానే చేసుకొస్తే నాకు తెలియనట్టే ఉంటుందనీ తెలుసు. ఆ మౌనంతో ఆమెకు దారి చూపించాను. ముప్పయ్యేళ్ల వృత్తిలో నేను బాగా సిగ్గుపడేది ఓడిన కేసులకు కాదు, ఆ రెండు నిమిషాలకు.

ఆమె పుస్తకం బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారం మా చర్చిలో ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం. రొట్టె, ద్రాక్షారసం కోసం వరసగా లేచి వెళుతున్నారు. మనసులో తప్పు పెట్టుకుని వాటిని తీసుకోకూడదంటారు. కరుణ లేవలేదు. తల దించుకుని కూర్చుంది. నేను లేచి వెళ్లి తీసుకుని వచ్చాను. 

ఆరాధన అయ్యాక బయట మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉంది. పుస్తకం చేతికిచ్చింది.

"చించలేదు మేడం. మొత్తం ఇచ్చేయండి."

"జైలు పడొచ్చు కరుణా. ఆలోచించుకున్నావా?"

"ఆ మూడూ తెలిసే చేసినాను. ఊర్లో అందురూ చేస్తా ఉండారు గదా అని చేసినాను. ఇంకొకటి మేడం. వెంకటరమణన్న పేజీ నిజమని జడ్జిగారు నమ్మాలంటే, ఈ మూడు పేజీలూ ఉండాల గదా?"

 నాకు తట్టని వాదన అది. తనకు చెడు చేసే మాటను కూడా రాసుకున్న మనిషి మాటకే విలువ ఉంటుంది. ఏ సీనియరూ నాకు ఆ సంగతి అంత తేలిగ్గా చెప్పలేదు.

కోర్టు హాల్లో ఆట

విచారణ నడిపింది సర్కారు తరఫు ఏపీపీ గారు. ఆయన పక్కన కంపెనీ తరఫున చెన్నై నుంచి ఒక లాయరు వచ్చి కూర్చునేవాడు. మర్యాదస్థుడు, చదువుకున్నవాడు. కంపెనీ లాయర్లంటే రాక్షసులని అనుకోకండి. ఒక గేము తయారుచేయడానికి వందలమంది ఏళ్ల తరబడి పనిచేస్తారని, కాపీలతో వాళ్ల కష్టం పోతుందని అతను చెప్పినప్పుడు అది అబద్ధం కాదు.

కంపెనీ ఇంజనీరు సాక్షిగా వచ్చాడు. తెలుగు బాగానే మాట్లాడాడు. వెంకటరమణ బాక్సు చూపించి అడిగాను.

"దీంట్లో కాపీ గేము ఏదైనా దొరికిందా?"

"లేదు."

"కాళ్లతో ఆడే కంట్రోలరు ఈ మోడలుకు మీ కంపెనీ అమ్ముతుందా?"

"అమ్మదు."

"ఇంకెవరైనా చేసింది పెడితే బాక్సు ఒప్పుకుంటుందా?"

"తాళం ఉన్నంతవరకు ఒప్పుకోదు."

"అలాంటప్పుడు ఈయన ఆడాలంటే ఏం చేయాలి?"

అతను బెంచీ మీద కూర్చున్న వెంకటరమణ చేతి వైపు చూశాడు. చాలాసేపు ఆలోచించి, "నాకు తెలియదు" అన్నాడు. తప్పించుకోవడానికి అన్నట్టు లేదు. నిజంగానే తెలియలేదు.

మేజిస్ట్రేటు చిన్న వయసు ఆమె. అవసరమైతే ఒక్క ప్రశ్న కోసం అరపూట ఆగేది. "నేను చూడాలి" అంది. మధ్యాహ్నానికి టీవీ తెప్పించారు. వెంకటరమణ చెప్పులు విప్పి, హాలు మధ్యలో కుర్చీలో కూర్చుని, పెడల్ పలక మీద కాళ్లు పెట్టాడు. మొదట సిగ్గుపడి రెండు బంతులు వదిలేశాడు. మూడో బంతిని కొట్టాడు. వెనక బెంచీల్లో ఎవరో "ఆఁ" అన్నారు. మేజిస్ట్రేటు తల ఎత్తి చూస్తే సద్దుమణిగారు.

నేను గెలిచేశాననుకున్నాను. అప్పుడు ఏపీపీ గారు లేచి, చెన్నై లాయరు అందించిన కాపీ డిస్కు ఒకటి అదే బాక్సులో పెట్టించారు. అదీ ఆడింది. తెర మీద బొమ్మలు కదిలాయి. "ఈ రోజు పెడల్ అంటాడు. రేపు ఇది ఆడడని ఎవరు చెప్పగలరు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. తలుపు ఒకటేనని సుబ్రమణ్యం నాకు ముందే చెప్పాడు.

అప్పుడు నోటు పుస్తకం దాఖలు చేశాను, మొత్తం. మేజిస్ట్రేటు ఒక్కో పేజీ తిప్పి చదివింది. మూడు పేర్ల దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకుని, కరుణను అడిగింది.

"ఇవి కూడా మీరే రాశారా?"

"నేనే రాసినాను మేడం."

"ఇది ఇస్తే మీకేమవుతుందో మీ లాయరు చెప్పారా?"

"చెప్పినారు."

తీర్పు రోజు

చార్జిషీటులో తాళం సెక్షన్‌తో పాటు పెట్టిన కాపీరైటు ఉల్లంఘన అనే పెద్ద సెక్షన్ నిలవలేదు. అసలు డిస్కులు తెచ్చి కాపీలతో పోల్చి చూపించలేకపోయారు. తాళం సెక్షన్ కింద వెంకటరమణ బాక్సు, డ్రైవు మార్చిన బాక్సు రెండిటిలోనూ నేరం లేదన్నారు. బాక్సులు యజమానులకు తిరిగి ఇవ్వమన్నారు. తనకు వ్యతిరేకంగా మూడుసార్లు నిజం రాసుకున్న మనిషి మిగతా రెండుసార్లు అబద్ధం రాసిందనుకోవడానికి కారణం కనబడలేదని తీర్పులో ఉంది. ఆ వాక్యం నాది కాదు, మేజిస్ట్రేటుదీ కాదు. చర్చి మెట్ల దగ్గర కరుణ చెప్పిందే నేను వాదనలో వినిపించాను.

మిగతా మూడు బాక్సుల విషయంలో నేరం రుజువైంది. జరిమానా, కోర్టు లేచేవరకు ఖైదు. అంటే ఆ రోజు కోర్టు పని ముగిసేవరకు హాల్లోనే కూర్చోవాలి.

ఆ సాయంత్రం సంగతి చెప్పేముందు, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు రెండు మాటలు. నేరం ఒప్పుకోమని క్లయింటుకు చెప్పడం తప్పు కాదు, చాలాసార్లు అదే మంచిది. కానీ అతను ఏం చేశాడో, ఎందుకు చేశాడో పూర్తిగా వినకుండా చెప్పడానికి మీకు హక్కు లేదు. మీకు అది ఒక ఫైలు. అతనికి అది గేటు పాసు. పరికరం అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పి, అర్థమయ్యేవాడి దగ్గరికి వెళ్లి కింద కూర్చోండి. అతను మిమ్మల్ని తిట్టినా కూర్చోండి. కొత్త చట్టం వచ్చిందంటే శిక్ష ఎంతో చూసి వదిలేయకుండా, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదవండి. ఇంకో మాట, నాకు నేనే చెప్పుకునేది: క్లయింటు చెయ్యకూడని పని గురించి అడిగినప్పుడు కిటికీ వైపు చూడకండి. వద్దని నోటితో చెప్పండి.

తాళం వేసుకునే హక్కు కంపెనీలకు ఎంతవరకు ఉండాలో, కొనుక్కున్న వస్తువును తెరుచుకునే హక్కు మనకు ఎంతవరకు ఉండాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కరుణ మూడు బాక్సులు తెరవడం తప్పే. వెంకటరమణ బాక్సు తెరవకపోయి ఉంటే అదీ ఒక తప్పే అయ్యేదనిపిస్తుంది. రెండూ ఒకే చేత్తో, ఒకే చిప్పుతో చేసింది.

ఆ రోజు పదకొండున్నరకు తీర్పు చదివారు. కరుణ హాలు చివరి బెంచీలో కూర్చుంది. నాకు వేరే కోర్టులో పనుంటే వెళ్లి చూసుకుని మూడింటికి తిరిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె మధ్యాహ్నం ఏమీ తినలేదు. ఇంకెవరివో కేసులు పిలుస్తున్నారు, వాయిదాలు వేస్తున్నారు. గొర్రెల దొంగతనం కేసులో ఒక ముసలాయన సాక్ష్యం చెబుతుంటే ఆమె శ్రద్ధగా వింది. 

నాలుగున్నర దాటాక మేజిస్ట్రేటు చివరి ఫైలు మూసి లేచింది. అందరం లేచి నిలబడ్డాం. ఆమె లోపలికి వెళ్లిపోయింది. గుమాస్తాలు కట్టలు సర్దుకున్నారు. హాలు ఖాళీ అయింది. అటెండరు ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ మా దగ్గరికి వచ్చి, "అమ్మా, కోర్టు లేచింది. మీరింక పోవచ్చు" అన్నాడు.

కరుణ మళ్లీ కూర్చుంది.

"అయిపోయిందమ్మా, ఇంటికి పోదాం పద" అన్నాను.

"తెలుసు మేడం. ఇంకొంచెం సేపు కూర్చుంటాను" అంది.

అటెండరు నా వైపు చూశాడు. నేను కూడా కూర్చున్నాను. అతను మా నెత్తి మీద ఫ్యాను మాత్రం ఆపకుండా, తాళాల గుత్తి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.